ఐసీయూ తలుపుకు ఇవతల



మీరు ఏటా మన సొసైటీకి ఇచ్చే సొమ్ములో కొంత వైద్య సాయానికి పోతుంది. గుంటూరు పెద్దాసుపత్రికి, ఒంగోలు రిమ్స్‌కు, ప్రైవేటు నర్సింగ్ హోములకు చేరిన పేద కుటుంబాలు మందులకో, స్కానింగులకో, అంబులెన్సు కిరాయికో మన దగ్గరకు వస్తాయి. ఆ జమాఖర్చుల సంగతి వేరు. మేము ఇక్కడ రాస్తున్నది ఏ జమాఖర్చులోనూ కనిపించని ఒక విషయం గురించి. ఐసీయూలో ఉన్న రోగి కుటుంబానికీ, లోపలి డాక్టర్లకూ నర్సులకూ మధ్య మాట సరిగ్గా సాగకపోతే మీరిచ్చిన డబ్బు సగం దారిలో ఆగిపోతుంది. కోలుకునే అవకాశం ఉన్న మనిషిని భయపడి ఇంటికి తీసుకుపోయే కుటుంబాలు ఉన్నాయి. ఇక ఆశ లేదని డాక్టరు చుట్టూ తిప్పి చెప్పిన మాట అర్థం కాక, ఉన్న అర ఎకరం అమ్ముకునే కుటుంబాలూ ఉన్నాయి. రెండు చోట్లా మందుల కొరత కాదు, మాటల కొరత.

మేము డాక్టర్లం కాము. 30 ఏళ్లుగా బడిలో పాఠం చెప్పుకునేవాళ్లం. సొసైటీ తరఫున రోగులను పరామర్శిస్తూ, వరండాల్లో చాపలేసుకున్న వాళ్లతో మాట్లాడుతూ, తెలిసిన డాక్టర్లను అడుగుతూ, కొంత చదువుతూ తెలుసుకున్న సంగతులు ఇవి.

తలుపు లోపల

శరీరంలో ఒక అవయవం తన పని తాను చేసుకోలేనప్పుడు ఆ పనిని యంత్రంతోనో మందుతోనో నడిపిస్తూ, అది కోలుకునేదాకా రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే చోటు ఐసీయూ. ఊపిరి ఆడకపోతే వెంటిలేటర్ పెడతారు. రక్తపోటు నిలవకపోతే పంపు ద్వారా కొద్దికొద్దిగా మందు ఎక్కిస్తారు. మూత్రపిండాలు పనిచేయకపోతే డయాలసిస్ చేస్తారు. మంచం పక్కన మానిటర్ మీద గుండె వేగం, రక్తపోటు, ఆక్సిజన్ శాతం కనిపిస్తూ ఉంటాయి. అది మోగిన ప్రతిసారీ ప్రాణం మీదికి వచ్చినట్టు కాదు. తీగ ఊడినా, రోగి పక్కకు కదిలినా మోగుతుంది. నోట్లో గొట్టం ఉన్న మనిషి దాన్ని లాగేసుకోకుండా మత్తు ఇస్తారు, ఒక్కోసారి చేతులను గుడ్డతో మంచానికి కడతారు. ఈ సంగతి ముందే ఎవరైనా చెబితే సరే. చెప్పకపోతే, కొడుకు చేతులు కట్టేసి ఉండగా చూసిన తల్లి ఏమనుకుంటుంది?

తలుపు మూసి ఉంచడానికి కారణాలున్నాయి. లోపలున్న వాళ్లకు రోగాన్ని తట్టుకునే శక్తి ఉండదు, బయటి నుంచి వచ్చే క్రిములు వారికి ప్రమాదం. ఉన్న కొద్దిమంది నర్సులు ఒక్కొక్కరు ఎన్నో మంచాలు చూసుకోవాలి. మరో వైపు, రోగిని చూడబోవడం, ఇయాదత్, మనకు పుణ్యకార్యం. అందుకే పిడుగురాళ్ల నుంచో మార్కాపురం నుంచో ఆటో నిండా బంధువులు వస్తారు. లోపలికి ఒక్కరినే పంపుతామని సెక్యూరిటీ అతను అంటాడు. కుటుంబానికీ ఆసుపత్రికీ మొదటి సంభాషణ చాలాసార్లు ఆ గొడవే. ఆ తర్వాత ఎవరు ఏం చెప్పినా అనుమానంతోనే వింటారు.

ఒక మాటకు రెండు అర్థాలు

"స్టేబుల్‌గా ఉన్నారు" అంటాడు డ్యూటీ డాక్టరు. నిన్నటి కంటే దిగజారలేదని ఆయన ఉద్దేశం. బాగుపడుతున్నారని ఇంటివాళ్లకు వినిపిస్తుంది. ఆ రాత్రి రోగి మరణిస్తే, "సాయంత్రం బాగుందన్నారు, పొద్దున్నకు చంపేశారు" అన్న మాట పుడుతుంది. "సపోర్ట్ మీద ఉన్నారు" అంటే యంత్రాలూ మందులూ తీసేస్తే నిలబడే స్థితి లేదని అర్థం. వినేవాళ్లకు ఏదో ఆసరా దొరికిందన్నట్టు ఉంటుంది. "72 గంటలు గడవాలి" అంటే ఆ మూడు రోజుల్లో ఏ మలుపైనా తిరగొచ్చని. ఇంట్లో మాత్రం 73వ గంటకు లేచి కూర్చుంటారని లెక్క వేసుకుంటారు.

దీనికి తోడు మాట చేతులు మారుతుంది. పొద్దున ఒక డాక్టరు, రాత్రి మరో డాక్టరు. పొద్దున విన్నది అల్లుడు, రాత్రి విన్నది తమ్ముడు. అల్లుడు చెప్పింది అత్తకు ఒక రకంగా, హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి ఫోన్లో ఇంకో రకంగా చేరుతుంది. మన ఇళ్లలో మరో చిక్కు కూడా ఉంది. నూర్‌బాషా కుటుంబాల్లో మాట తెలుగులోనే నడుస్తుంది. ఉర్దూ మాట్లాడే ఇళ్లలోని పెద్దావిడకు మాత్రం డాక్టరుగారి సగం ఇంగ్లీషు తెలుగు అందదు. ఆమె తల ఊపుతుంది. ఊపిన తలను చూసి ఆయన ముందుకు వెళ్లిపోతారు.

బడిలో మాకు ఇది రోజూ ఎదురయ్యేదే. లెక్క చెప్పి "అర్థమైందా?" అని అడిగితే తరగతి మొత్తం "అయింది సార్" అంటుంది. వెనక బెంచీ పిల్లవాణ్ణి బోర్డు దగ్గరకు పిలిచి చేయమంటే అప్పుడు తెలుస్తుంది ఎంత అర్థమైందో. ఫ్రాన్స్‌లో 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో ఐసీయూ రోగుల కుటుంబాలను ఇలాగే అడిగి చూశారు. డాక్టరుతో మాట్లాడి వచ్చిన వాళ్లలో 54 శాతం మందికి జబ్బు ఏమిటో, చికిత్స ఏమిటో, ముందు ఏం జరగవచ్చో సరిగ్గా అర్థం కాలేదు. చదువూ వైద్యమూ మనకంటే ఎక్కువ అందుబాటులో ఉన్న దేశంలో సంగతి అది. కాబట్టి మన పల్లెటూరి మనిషికి అర్థం కాలేదంటే అది అతని తెలివితక్కువతనం కాదు. భయంలో ఉన్న మనసుకు ఎంత తేలిక మాటైనా ఒక్కసారికి ఎక్కదు.

మన పొలాల జబ్బులు

పత్తి, మిర్చి పండే మన ప్రాంతంలో ఐసీయూకి వచ్చే వాటిలో రెండు జబ్బుల గురించి ప్రతి కుటుంబానికీ తెలిసి ఉండాలి. రెండింటిలోనూ కంటికి కనిపించేది ఒకటి, లోపల జరిగేది మరొకటి.

మొదటిది పురుగుమందు విషం. ఎండలో, గాలికి ఎదురుగా మందు కొట్టడం వల్ల కావచ్చు, మనసు విరిగి తాగడం వల్ల కావచ్చు. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులకు విరుగుడుగా అట్రోపిన్ పదే పదే ఇస్తారు. అట్రోపిన్ పనిచేస్తున్నప్పుడు నోరు ఎండుతుంది, ముఖం ఎర్రబడుతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, రోగి పొంతన లేకుండా మాట్లాడతాడు, గాలిలో ఏవో పట్టుకోబోతాడు. "మా వాడికి పిచ్చెక్కించారు" అని ఇంటివాళ్లు బెదిరిపోయేది అప్పుడే. మందు మోతాదు తగ్గాక అది పోతుంది.

అసలు పరీక్ష తర్వాత వస్తుంది. మొదటి ప్రమాదం గడిచి, రోగి పలకరిస్తే పలికాక, ఒకటి నుంచి నాలుగు రోజుల లోపు కొందరిలో మెడ ఎత్తే శక్తి పోతుంది, ఊపిరి కండరాలు నీరసిస్తాయి. అప్పుడు వెంటిలేటర్ పెట్టాల్సి వస్తుంది. కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఊపిరిని యంత్రంతో కాపాడుకుంటూ వస్తే చాలామంది కోలుకుంటారు. ఈ సంగతి మొదటి రోజే చెప్పకపోతే మూడో రోజున ఇంటివాళ్లకు ఒకటే తోస్తుంది: "నిన్న మాట్లాడిన మనిషిని ఇవాళ మిషను మీద పెట్టారు, బిల్లు కోసమే." అక్కడితో సంతకం పెట్టి తీసుకెళ్లిపోతారు. ఊపిరి కండరాలు పనిచేయని మనిషి వెంటిలేటర్ లేకుండా ఎక్కువసేపు నిలవలేడు.

రెండోది కట్లపాము కాటు. రాత్రిపూట నేల మీద పడుకున్న వాళ్లను కరుస్తుంది. గాటు సరిగ్గా కనిపించదు, వాపు ఉండదు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలడం, మింగలేకపోవడం. విషం ముదిరితే కాలూ చేయీ, కంటిపాప కూడా కదలదు. చూసేవాళ్లకు శవంలా ఉంటుంది. కానీ మత్తు ఇవ్వకపోతే అలాంటి రోగికి స్పృహ ఉండవచ్చు, చుట్టూ మాట్లాడేదంతా వినిపిస్తూ ఉండవచ్చు. విరుగుడు మందు, కొన్నాళ్లు వెంటిలేటర్ దక్కితే లేచి నడుచుకుంటూ ఇంటికి పోతాడు. ఆ మంచం దగ్గర నిలబడి "ఇంక లాభం లేదు" అనకూడదు. పేరు పెట్టి పిలవాలి, పిల్లలు బాగున్నారని చెప్పాలి, దువా చేయాలి. డాక్టరుగారు కూడా "కదలిక లేదు కానీ లోపల మనిషి ఉన్నాడు, ఓపిక పట్టండి" అని ఒక్క మాట అంటే ఆ కుటుంబం ఓపిక పడుతుంది.

ఇవతలి నుంచి అవతలికి వెళ్లాల్సిన మాట

మాట ఒకవైపే నడవాలని అనుకోవడం పొరపాటు. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి ఐసీయూలో ఏం జరిగిందో మనందరికీ గుర్తుండే ఉంటుంది. పుట్టుకతో వచ్చిన లోపానికి చికిత్స కోసం తెచ్చిన పది రోజుల పసివాడు ఎలుకలు కరిచి చనిపోయాడని దేశమంతా చెప్పుకుంది. ఎలుకల సంగతి ముందే సిబ్బందికి చెప్పామని, ఎవరూ పట్టించుకోలేదని తల్లిదండ్రులు అన్నారు. విచారణలు జరిగాయి, కొందరిపై చర్యలు తీసుకున్నారు. 1946లో పెట్టిన గుంటూరు వైద్య కళాశాలకు అనుబంధంగా, చుట్టుపక్కల జిల్లాల పేదలందరికీ పెద్ద దిక్కుగా ఉన్న ఆసుపత్రి అది. ఇప్పటికీ మన రోగుల్లో ఎక్కువమందిని మేము పంపేది అక్కడికే. దాన్ని దుయ్యబట్టడానికి ఈ సంగతి ఎత్తలేదు. తల్లి చెప్పే మాట కూడా మానిటర్ మీది అంకె లాంటి సమాచారమేనని గుర్తు చేయడానికి ఎత్తాము.

కుటుంబం మాత్రమే చెప్పగలిగేవి చాలా ఉంటాయి. ఏ మందు కొట్టాడు, ఎన్ని గంటలకు, డబ్బా ఏదీ? డబ్బానో, దాని మీది కాగితమో వెంట తెస్తే డాక్టరుకు ఎంతో ఉపయోగం. షుగరుకు, బీపీకి ఏం మింగుతున్నారు, ఏ మందు పడదు, ఊళ్లో ఆర్‌ఎంపీ ఏ ఇంజక్షను ఇచ్చాడు, ఇవన్నీ దాచకుండా చెప్పాలి. తాగిన సంగతిని పోలీసు కేసు భయంతో దాస్తారు. ఆసుపత్రి వాళ్లు పోలీసులకు తెలియజేయడం నిబంధన. అంత మాత్రాన రోగి నేరస్థుడు కాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అతను తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నాడని భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వమే సంరక్షణ కల్పించాలి. ఇంట్లో ఎవరైనా అలాంటి దిగులులో ఉంటే 14416 టెలీ మానస్ నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఖర్చు లేదు.

కుటుంబాలకు మేము చెప్పే పద్ధతి

మొదటిది, ఇంటి తరఫున ఒక్కరే మాట్లాడాలి. చదువుకున్నవాడే కానక్కరలేదు, నిదానంగా విని ఉన్నదున్నట్టు చెప్పేవారైతే చాలు. ఆమె కూతురైనా కోడలైనా ఫర్వాలేదు. తక్కినవాళ్లంతా ఆ ఒక్కరినే అడగాలి.

రెండోది, డాక్టరుగారు రోజులో ఏ వేళ మాట్లాడతారో మొదటి రోజే అడిగి తెలుసుకోవాలి. దారిలో ఆపి అడిగితే దారిలో చెప్పే జవాబే వస్తుంది.

మూడోది, ఒక 40 పేజీల నోటు పుస్తకం. తేదీ, మాట్లాడిన డాక్టరు, చెప్పిన మాట, మనం అడగాల్సినవి. రాత్రి కాపలాకు వచ్చిన తమ్ముడు అది చదువుకుంటాడు.

నాలుగోది, అడగాల్సిన ప్రశ్నలు. ఏ అవయవం దెబ్బతింది? ఇప్పుడు ఏం చేస్తున్నారు? వచ్చే రెండు రోజుల్లో ఏం జరగవచ్చు? మెరుగైతే మాకెలా తెలుస్తుంది, తగ్గకపోతే తర్వాత ఏమిటి? ఖర్చు ఎంతవరకు పోవచ్చు, ప్రభుత్వ వైద్య పథకం కింద ఎంత వస్తుంది? ఈ చివరి ప్రశ్న ఆరోగ్యమిత్రను విడిగా అడగడం మంచిది. జబ్బు మాటా బిల్లు మాటా ఒకే చోట కలిస్తే రెండూ చెడతాయి.

ఐదోది అన్నింటికంటే ముఖ్యం. విన్నది తిరిగి చెప్పాలి. "అంటే సార్, ఊపిరితిత్తుల్లో నెమ్ము ఉంది, రెండు రోజులు మిషను మీద ఉంచి చూస్తారు, తగ్గకపోతే గొంతు దగ్గర రంధ్రం పెడతారు, అంతేనా?" ఈ ఒక్క వాక్యం నిమిషం కూడా పట్టదు. తప్పు విని ఉంటే అక్కడికక్కడే తెలిసిపోతుంది.

డాక్టర్లకు మనం చెప్పేవాళ్లం కాదు. అయినా విన్నవించుకోదగ్గది ఒకటి ఉంది. అమెరికాలో ఐసీయూ సమావేశాలను రికార్డు చేసి 2004లో లెక్క కడితే, సగటున కుటుంబం మాట్లాడింది 29 శాతం సమయమే. తామే ఎక్కువ మాట్లాడగలిగిన కుటుంబాలు ఎక్కువ తృప్తిగా ఉన్నాయి. 2007లో వెలువడిన మరో ప్రయోగాన్ని ఫ్రాన్స్‌లోని 22 ఐసీయూల్లో, మరణానికి దగ్గరైన 126 మంది రోగుల కుటుంబాలతో చేశారు. సగం మందితో మామూలుగానే మాట్లాడారు. మిగతా సగం మందిని కూర్చోబెట్టి, వాళ్ల మాట విని, ఒక చిన్న పుస్తకం చేతికిచ్చారు. ఈ రెండో పద్ధతిలో కుటుంబం మాట్లాడిన సమయం 5 నిమిషాల నుంచి 14 నిమిషాలకు పెరిగింది. మూడు నెలల తర్వాత చూస్తే, ఆ సంఘటన తాలూకు మానసిక గాయం లక్షణాలు మొదటి వాళ్లలో 69 శాతం మందికి, రెండో వాళ్లలో 45 శాతం మందికి ఉన్నాయి. రోగులు దక్కలేదు. మిగిలిన వాళ్లు మాత్రం కొంత నిలదొక్కుకున్నారు. అందుకు పట్టింది కొన్ని నిమిషాలు, ఒక చిన్న పుస్తకం.

సంతకాలు, హక్కులు, ధర్మసందేహాలు

2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ రోగుల హక్కుల పత్రం తయారు చేసింది. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని అమలు చేయమని రాష్ట్రాలకు పంపింది. జబ్బు గురించి అర్థమయ్యే భాషలో తెలుసుకోవడం, రికార్డుల నకళ్లు పొందడం, మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం అందులో ఉన్నాయి. రోగి బాధ్యతలు కూడా ఉన్నాయి, సిబ్బందిని గౌరవించడం అందులో ఒకటి. డాక్టర్ల మీద, ఆసుపత్రుల మీద దాడి చేస్తే మన రాష్ట్రంలో 2008 చట్టం కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. చేయి ఎత్తిన కుటుంబానికి న్యాయమైన ఫిర్యాదు ఉన్నా అది ఎవరికీ వినిపించదు.

వెంటిలేటర్ తీసేయడం గురించి మన వాళ్లు మమ్మల్ని భయంభయంగా అడుగుతుంటారు, అది హత్య కాదా అని. ఫత్వా చెప్పే అర్హత మాకు లేదు, దాన్ని ఆలిమ్‌లనే అడగాలి. తెలిసినంతలో చెబుతాము. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ, మెదడు పూర్తిగా, తిరిగి రాకుండా ఆగిపోయిందని నిపుణులైన వైద్యులు నిర్ధారిస్తే యంత్రాలు తీసివేయవచ్చని తీర్మానించింది. మన దేశంలో 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం మెదడు మరణాన్ని నలుగురు డాక్టర్ల బోర్డు ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలి. మెదడు మరణం లేకపోయినా కోలుకునే ఆశ లేని రోగుల విషయంలో సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పు ఇచ్చి, 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది. అక్కడా రెండు వైద్య బోర్డులు చూస్తాయి, కుటుంబం సమ్మతి ఉండాలి. ఇంత జాగ్రత్త ఉన్న నిర్ణయాన్ని కారిడార్‌లో నిలబడి, ఎవరో కాగితం చాపితే సంతకం పెట్టి తేల్చకూడదు. "సొంత బాధ్యత మీద తీసుకెళ్తున్నాం" అన్న కాగితం వేరు, ఇది వేరు. ఆ కాగితం మీద వేలు పెట్టే ముందు ఒకే ఒక్క ప్రశ్న అడగమని మేము బతిమాలుతాము: "సార్, ఈయన ఇక్కడే ఉంటే కోలుకునే అవకాశం ఉందా?" ఉందంటే డబ్బు సంగతి సొసైటీకి ఫోన్ చేసి మాట్లాడండి. లేదంటే, నొప్పి లేకుండా, తనవాళ్లు పక్కన ఉండగా, కలిమా చెవిన పడుతుండగా చివరి గడియలు గడిచే వీలు కల్పించమని అడగండి. అది కూడా వైద్యమే.

దాతలకు విన్నపం

రోగులకు ఇచ్చే సాయం తగ్గించమని మేము అనడం లేదు. దానికి తోడుగా మూడు చిన్న పనులకు మీ సహకారం కోరుతున్నాము.

ఒకటి, ఆసుపత్రి అధికారుల అనుమతితో ఐసీయూ బయట రోజుకు కొన్ని గంటలు కూర్చునే వలంటీర్లు. తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన ఒక పురుషుడు, ఒక స్త్రీ. డాక్టరు చెప్పినదానికి సొంత వైద్యం కలపకుండా, కుటుంబం అడగలేకపోయిన ప్రశ్నను వాళ్ల తరఫున అడిగి, జవాబును వాళ్ల భాషలో తిరిగి చెప్పడమే వారి పని. కులమతాల తేడా లేకుండా ఆ వరండాలో ఉన్న ప్రతి కుటుంబానికీ చెప్పాలి.

రెండు, పైన చెప్పిన ప్రశ్నలు మొదటి పేజీలో అచ్చువేసిన నోటు పుస్తకం, ఒక పెన్ను. పుస్తకం చివర ఐసీయూ మాటలకు తేలిక తెలుగులో అర్థాలు ఉంటే ఇంకా మంచిది.

మూడు, వేచి ఉండేవాళ్లకు చాపలు, మంచినీళ్లు, ఫోన్ చార్జింగు సదుపాయం. మూడు రాత్రులు నిద్ర లేని మనిషికి ఎంత ఓపికగా చెప్పినా అర్థం కాదు. ఫోన్ ఆగిపోయిన మనిషికి లోపలి నుంచి వచ్చిన పిలుపు అందదు.

ఈ మూడింటికీ అయ్యే ఖర్చు ఒక ప్రైవేటు ఐసీయూలో ఒక రోగికి కొద్ది రోజులకు అయ్యే ఖర్చును మించదని మా అంచనా. ఫలితం ఏడాది పొడవునా ఆ తలుపు దగ్గర నిలబడే ప్రతి ఇంటికీ అందుతుంది. ఖాళీ వేళలు ఉన్న రిటైర్డ్ ఉపాధ్యాయులు, నర్సులు, చదువుకున్న గృహిణులు తమ పేర్లు సొసైటీ కార్యాలయంలో ఇవ్వవలసిందిగా మనవి. డబ్బు ఇవ్వలేని వారు కూడా ఇవ్వగల దానం ఇది.

అల్లాహ్ రోగులందరికీ షిఫాను, వారిని కనిపెట్టుకుని ఉన్నవారికి సబర్‌ను, సేవ చేసే డాక్టర్లకు, నర్సులకు తగిన ప్రతిఫలాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.